ఉక్కునగరం నుంచి వెళ్లి పిట్స్‌బర్గ్‌లో ఉండి చూశాక

పిట్స్‌బర్గ్‌లో సీటు వచ్చిందనో, ఉద్యోగం వచ్చిందనో పిల్లలు చెప్పి, పంపాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్న ఇళ్లకు నా మాట ఒక్కటే: నిశ్చింతగా పంపండి. మీరు కూడా వెళ్లి కొన్నాళ్లు ఉందామనుకుంటే మాత్రం రెండు చూసుకోండి, ఏ నెలల్లో వెళ్తున్నారు, పిల్లల ఇల్లు ఏ వీధిలో ఉంది. ఈ రెండూ కుదిరితే మనలాంటి వాళ్లం కారు లేకుండా సొంతంగా తిరగగలిగే ఊరు అది. కుదరకపోతే పిల్లలు ఆఫీసు నుంచి ఎప్పుడొస్తారా అని కిటికీ దగ్గర కూర్చోవాల్సిందే.

మా అమ్మాయి అక్కడే ఎమ్మెస్ చేసి అక్కడే ఉద్యోగంలో చేరింది. స్క్విరిల్ హిల్ అనే పేటలో అద్దెకుంటుంది. మేమిద్దరం ఆగస్టు చివర్లో వెళ్లి, సంక్రాంతి అక్కడే చేసుకుని, ఫిబ్రవరిలో విశాఖలో మా కూర్మన్నపాలెం తిరిగొచ్చాం. నేను స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్ ఉక్కునగరంలో స్కూల్ టీచర్‌గా చేసి రిటైరయ్యాను. మా ఆయన స్టీల్ ప్లాంట్‌లో, ఖనిజం కరిగించి ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేస్‌లో చేశారు. వాకింగ్‌లో కనిపించినవాళ్లంతా "టీచర్ గారూ, అమెరికా ఎలా ఉందండీ?" అంటున్నారు. అమెరికా అంతా నాకేం తెలుసు? నేను ఉన్నది ఒక్క ఊళ్లో. ఆ ఊరి గురించైతే వివరంగా చెప్తాను.

పెన్సిల్వేనియా రాష్ట్రానికి పడమటి కొసన ఉంటుంది పిట్స్‌బర్గ్. అలిగేనీ, మొనాంగహీలా అని రెండు నదులు ఊరి మధ్యలో కలిసి ఒహాయో నది అవుతాయి. చుట్టూ కొండలు, ఎటు చూసినా వంతెనలు. ఊరి మధ్యలోవి చాలావరకు పసుపు రంగువే. జనాభా 1950లో 6 లక్షల 76 వేలు, 2020 లెక్కల్లో 3 లక్షల 3 వేలు. మన విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీ 2011కే 17 లక్షలు దాటింది కాబట్టి మన కంటికి అది చిన్న ఊరే, అక్కడ మాత్రం మధ్యరకం నగరం. సగానికి పైగా జనం ఎక్కడికి పోయారంటే, కొందరు శివార్లకు మారారు, 1980ల్లో ఉక్కు మిల్లులు ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాక చాలామంది పని వెతుక్కుంటూ వేరే రాష్ట్రాలకు వెళ్లిపోయారు. ఇప్పుడు ఊరిని నిలబెడుతున్నవి ఆసుపత్రులు, యూనివర్సిటీలు. డౌన్‌టౌన్‌లో యూఎస్ స్టీల్ టవర్ అని 64 అంతస్తుల బిల్డింగ్ ఉంది. ఉక్కు కంపెనీ తన ఉక్కుతోనే కట్టుకున్న టవర్. దాని నెత్తిన ఇప్పుడు పెద్ద అక్షరాలతో ఉన్నది ఒక ఆసుపత్రి గ్రూపు పేరు. మా ఆయన దాని కింద నిలబడి చాలాసేపు కదల్లేదు.

జనం తగ్గిన ఊరు కాబట్టి ఇళ్లు దొరుకుతాయి. న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో ఉన్న మా బంధువుల పిల్లలు కడుతున్న అద్దె విన్నాక మా అమ్మాయి ఇల్లు చవక అనిపించింది. ఇళ్లు పాతవి, చెక్కమెట్లు కిర్రుమంటాయి, వాషింగ్ మెషీన్ చాలా ఇళ్లలో నేలమాళిగలో ఉంటుంది. బట్టలు ఉతకాలంటే బుట్ట పట్టుకుని ఇరుకు మెట్లు దిగాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఇల్లు తీసుకునేటప్పుడే పిల్లలకు ఈ మాట చెప్పండి.

నాకు అన్నిటికంటే నచ్చింది సిటీ బస్సు. మేం ఉన్నప్పుడు టికెట్ 2 డాలర్ల 75 సెంట్లు. కార్డు తీసుకుంటే మూడు గంటల్లోపు ఎన్ని బస్సులు మారినా అదే టికెట్. 65 దాటినవాళ్లకు సీనియర్ కార్డు మీద ఉచితం, ఆ ఖర్చు రాష్ట్ర లాటరీ ఆదాయంలోంచి పెడతారు. పెద్ద యూనివర్సిటీలు రెండింటి పిల్లలు ఐడీ కార్డు చూపించి ఎక్కేస్తారు. ముసలివాళ్లు నిలబడి ఉంటే డ్రైవర్ బస్సును ఒక పక్కకు కిందకి దింపుతాడు, మెట్టు ఫుట్‌పాత్ ఎత్తుకు వస్తుంది. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకు ర్యాంపు తెరుచుకుంటుంది, వాళ్లు ఎక్కి సర్దుకునేదాకా బస్సు కదలదు, లోపల ఒక్కరూ విసుక్కోరు. దిగేవాళ్లు డ్రైవర్‌కు థాంక్స్ చెప్పి దిగుతారు. నేనూ రెండో రోజు నుంచే మొదలుపెట్టాను. సీతమ్మధార సిగ్నల్ దగ్గర కదులుతున్న బస్సు ఎక్కి జీవితం గడిపిన నాకు, కూర్చునేదాకా ఆగే బస్సు చూస్తే ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

స్క్విరిల్ హిల్‌లో 61సీ, 61డీ ఎక్కితే ఇటు యూనివర్సిటీలు, మ్యూజియంలు ఉన్న ఓక్‌లాండ్‌కీ డౌన్‌టౌన్‌కీ, అటు నది దాటి హోమ్‌స్టెడ్ షాపింగ్ సెంటర్‌కీ వెళ్లొచ్చు. ఎయిర్‌పోర్ట్ నుంచి 28ఎక్స్ బస్సు ఓక్‌లాండ్ దాకా అదే టికెట్‌కు వస్తుంది, పెట్టెలు తక్కువుంటే చాలు. డౌన్‌టౌన్‌లో టీ అనే రైలు ఎక్కితే నది అడుగున సొరంగంలోంచి అవతలి ఒడ్డుకు ఉచితంగా తీసుకెళ్తుంది. ఆదివారాలు మాత్రం సర్వీసులు తక్కువ. పేట మారితే కథ కూడా మారిపోతుంది. మా అమ్మాయి స్నేహితురాలు ఊరి చివర పెద్ద ఇల్లు తక్కువ అద్దెకు తీసుకుంది. వాళ్ల అత్తమామలు అక్కడ ఉన్నన్నాళ్లూ శనివారం కోసం ఎదురుచూడ్డమే. ఇల్లు కాస్త ఇరుకైనా ఫర్వాలేదు, బస్సు రోడ్డు మీద ఉండాలి.

కొండ ఎక్కడానికి ఇంక్లైన్ అని పట్టాల మీద నడిచే పెట్టె ఉంది. మొనాంగహీలా ఇంక్లైన్ 1870 నాటిది, దుకేన్ ఇంక్లైన్ 1877 నాటిది. ఒకప్పుడు కొండ మీద ఇళ్లలో ఉండే కార్మికులు కింద మిల్లులకు దిగడానికి పెట్టినవి, ఇప్పటికీ నడుస్తున్నాయి. బస్సు కార్డు పనిచేస్తుంది. సాయంత్రం దీపాలు వెలిగే వేళ ఎక్కండి, మూడు నదులూ ఒక్కచోట కనిపిస్తాయి.

ఇక లైబ్రరీ. ఓక్‌లాండ్‌లో కార్నెగీ లైబ్రరీ 1895లో కట్టింది. గుమ్మం మీద రాతిలో "ప్రజలకు ఉచితం" అనే అర్థం వచ్చే మాట చెక్కి ఉంటుంది. లోపలికి వెళ్లడానికి ఎవరూ ఏమీ అడగరు. ఎంతసేపైనా కూర్చోవచ్చు, కంప్యూటర్ వాడుకోవచ్చు, పిల్లలకు కథలు చదివే గంటలుంటాయి, ఇంగ్లీషు మాట్లాడ్డం రానివాళ్లకు క్లాసులుంటాయి. చలికి ఇల్లు లేని మనిషి మూల కుర్చీలో కునుకు తీస్తుంటే, పక్క బల్ల దగ్గర పీహెచ్‌డీ పిల్ల రాసుకుంటుంటుంది. ఇద్దర్నీ లేపేవాళ్లు లేరు. మా అమ్మాయి కార్డు మీద నేను నవలలు తెచ్చుకున్నాను. మన విశాఖలో ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో పోటీ పరీక్షల పిల్లలు పొద్దున్నే వచ్చి సీట్లు పట్టుకుని చదువుకోవడం చూసినప్పుడల్లా, ఇలాంటివి పేటకొకటి ఉంటే ఎంత బాగుండు అనుకునేదాన్ని. అక్కడ నిజంగానే పేటపేటకూ శాఖ ఉంది.

ఆ లైబ్రరీలు ఇచ్చిన ఆండ్రూ కార్నెగీ ఉక్కు యజమాని. అతని హోమ్‌స్టెడ్ మిల్లులోనే 1892లో జీతాల కోత మీద కార్మికులు ఎదురు తిరిగితే, నది మీద పడవల్లో ప్రైవేటు సాయుధుల్ని దించారు, కాల్పుల్లో రెండు వైపులా మనుషులు చచ్చిపోయారు, యూనియన్ విరిగిపోయింది. రోజుకు 12 గంటలు కొలిమి దగ్గర నిలబడ్డవాడు లైబ్రరీకి ఎప్పుడు వెళ్తాడని ఆనాటి కార్మికులు అడిగిన ప్రశ్నకు నా దగ్గర కూడా జవాబు లేదు. కానీ ఆ డబ్బు ఈ రోజు ఒక ఊరి పిల్లలందరికీ పుస్తకమై చేతికందుతోంది. ఆ రెండూ నిజమే, రెండూ తెలుసుకునే ఆ గుమ్మం దాటాలి.

దగ్గర్లోనే పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ వాళ్ల 42 అంతస్తుల చదువుల గోపురం, క్యాథెడ్రల్ ఆఫ్ లెర్నింగ్. దాన్ని కట్టేటప్పుడు బడిపిల్లలు తలా పది సెంట్లు చందా ఇచ్చారట. లోపల ఒక్కో దేశం పేర ఒక్కో క్లాసురూమ్ ఉంది. మన దేశం గది 2000లో తెరిచారు, నలందా విద్యాలయం ఇటుక గోడల తీరులో కట్టారు. అది చూడ్డానికి మాత్రమే కట్టిన గది కాదు, అందులో పాఠాలు జరుగుతాయి. టీచర్‌ని కదా, ఆ బెంచీలో కూర్చుని కాసేపు లేవలేకపోయాను.

మా ఆయన కోసం వెళ్లిన చోటు క్యారీ ఫర్నేసెస్. నది ఒడ్డున, ఊరికి కాస్త అవతల, పాత హోమ్‌స్టెడ్ మిల్లుకు కరిగిన ఇనుము పంపిన బ్లాస్ట్ ఫర్నేసులు. 1907లో కట్టిన 6, 7 నంబర్లు మాత్రమే మిగిలాయి. 92 అడుగుల ఎత్తు. 1978లో ఆగిపోయాయి. ఇప్పుడు జాతీయ చారిత్రక స్థలం, టికెట్ తీసుకుని గైడ్‌తో తిరగాలి. మే నుంచి అక్టోబర్ మధ్యే టూర్లుంటాయి కాబట్టి ముందే బుక్ చేసుకోండి, కాళ్లకు పూర్తిగా మూసి ఉండే బూట్లు వేసుకోండి.

లోపలికి వెళ్లగానే మా ఆయన గైడ్‌ను వదిలేసి తన దారిన తను నడిచారు. ముడి ఖనిజం పోసే యార్డు, స్టాక్ హౌస్, గాలిని వేడిచేసే స్టవ్‌లు, ఏది ఎక్కడుంటుందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాస్ట్ హౌస్‌లో నేల మీద కరిగిన ఇనుము పారే రన్నర్ కాలవలు అలాగే ఉన్నాయి. వంగి వాటిలో ఇసుక వేళ్లతో తీసి చూశారు. ఇనుము బయటికొచ్చే ట్యాప్ హోల్ ముందు నిలబడి, దాన్ని మట్టితో మూసే మడ్ గన్ ఏ పక్కన ఉండేది, ఆపేటప్పుడు అడుగున గడ్డకట్టి మిగిలిన సలమాండర్ ఇనుము తీశారా లేదా అని అడిగారు. గైడ్ ఒక్క క్షణం ఆగి, "మీరు ఫర్నేస్ మీద పనిచేశారా?" అన్నాడు. విశాఖపట్నంలో అని మా అమ్మాయి చెప్పింది. అంతే, మిగతా టూరిస్టులందరికీ కాస్ట్ ఎలా తీస్తారో మీరే చెప్పండి అని పక్కకు జరిగాడు. మా ఆయన నెమ్మదిగా, తన ఇంగ్లీషులో, చేతులతో చూపిస్తూ చెప్పారు. ఎర్రటి లోహం బయటికి వచ్చేటప్పుడు ముఖానికి తగిలే వేడి దగ్గర్నుంచి, పైన తేలే స్లాగ్ అనే మలినాన్ని ఎలా మళ్లిస్తారో దాకా. జనం గుండ్రంగా నిలబడి విన్నారు. ఒక పెద్దావిడ, మా నాన్న హోమ్‌స్టెడ్‌లో చేసేవాడు, ఇంట్లో ఎప్పుడూ ఇవేవీ చెప్పలేదు అని ఆయన చెయ్యి పట్టుకుంది.

అక్కడ ఫర్నేసులకు ఆడవాళ్ల పేర్లు పెట్టేవాళ్లు, క్యారీ అలాంటిదే. మన ప్లాంట్‌లో ఫర్నేసులు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. క్యారీ లోపల చెట్లు మొలిచాయి. మూతపడ్డాక దొంగచాటుగా లోపలికొచ్చిన కళాకారులు 1997, 98 ప్రాంతంలో పాత గొట్టాలు, తీగలతో 40 అడుగులు దాటిన జింక తలను కట్టారు, అదీ ఉంది. అందంగానే ఉంది. బస్సులో వచ్చేటప్పుడు మా ఆయన, "గోదావరిని టికెట్ పెట్టి చూపించే రోజు మాత్రం రాకూడదు" అన్నారు. 1966లో 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ప్లాంట్ మనది. 2021లో అమ్మకం నిర్ణయం వచ్చినప్పటి నుంచి కూర్మన్నపాలెం జంక్షన్‌లో దీక్షా శిబిరం చూస్తూ బతుకుతున్నాం. పిట్స్‌బర్గ్ కోలుకుంది, అది చూసొచ్చాను. కానీ ఎంతకాలం పట్టిందో, ఈలోపు ఎన్ని కుటుంబాలు చెదిరిపోయాయో కూడా అదే ఊరు చూపిస్తుంది. స్టీల్ ప్లాంట్ ఇంటివాళ్లు వెళ్తే మ్యూజియంలు వదిలేసినా సరే, ఇది మాత్రం వదలకండి.

అక్టోబర్‌లో ఆకులు ఎర్రబడి ఊరంతా చూడముచ్చటగా ఉంటుంది. నవంబర్ నుంచి పరీక్ష మొదలు. మంచు ఏటా సగటున వంద సెంటీమీటర్లు దాటి పడుతుంది. మంచు కన్నా నన్ను కుంగదీసింది మబ్బు. రోజుల తరబడి సూర్యుడు కనపడడు, సాయంత్రం ఐదుకే చీకటి. ఆర్కే బీచ్ ఎండకు అలవాటుపడ్డ ఒళ్లు, దిగులు దిగులుగా ఉండేది. కొండల ఊరు కాబట్టి ఫుట్‌పాత్ గడ్డకడితే కాలు జారుతుంది. ఊళ్లో దాదాపు 800 చోట్ల వీధి మెట్లున్నాయి. ఫోన్ మ్యాపులో వీధి అని చూపిస్తుంది, తీరా వెళ్తే నిటారు మెట్లు. సింహాచలం మెట్లు ఎక్కే మా ఆయన కూడా డిసెంబర్‌లో వాటి జోలికి పోలేదు. పెద్దవాళ్లు మే నుంచి అక్టోబర్ లోపు వెళ్లి రావడం అన్ని విధాలా మంచిది.

మంచు కాలంలో ఒక ఆచారం నాకు బాగా నచ్చింది. ఇంటి ముందు రోడ్డు మీద మంచు తవ్వి కారు పెట్టుకున్నవాళ్లు, బయటికి వెళ్లేటప్పుడు ఆ ఖాళీలో పాత కుర్చీ ఒకటి పెట్టి వెళ్తారు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకున్నట్టే. చట్టంలో దానికి చోటు లేదు, అయినా ఆ కుర్చీని ఎవరూ ముట్టుకోరు.

గాలి గురించి దాచకుండా చెప్పాలి. గాలి కదలని తెల్లవారుజామున కొన్నిసార్లు కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. మా ఆయన మంచం మీద నుంచే, ఇది బొగ్గును కోక్‌గా మార్చే కోక్ ఓవెన్ వాసన అని పట్టేశారు. నదీలోయలో పరిశ్రమలు ఇంకా ఉన్నాయి, చల్లటి గాలి కింద పొర కట్టి వాసనను పైకి పోనివ్వదు. అక్కడి జనం స్మెల్ పీజీహెచ్ అనే యాప్‌లో ఏ పేటలో ఎంత వాసనో వెంటనే నమోదు చేస్తారు, అది కౌంటీ ఆరోగ్య శాఖకు వెళ్తుంది. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేసింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో గ్యాస్ లీకై 12 మంది పోయిన ఊరు మనది. అలాంటి యాప్ ఇక్కడ తప్పకుండా కావాలి. ఆస్తమా ఉన్నవాళ్లు మాత్రం పిట్స్‌బర్గ్ వెళ్లేముందు డాక్టర్‌తో మాట్లాడండి.

తిండికి లోటు లేదు. ఇండియన్ షాపుల్లో పప్పు, పొడులు, ఫ్రోజెన్ గోంగూర అన్నీ ఉంటాయి. చేప లేకపోతే ముద్ద దిగని విశాఖవాళ్లకు స్ట్రిప్ డిస్ట్రిక్ట్‌లో హోలీస్ చేపల మార్కెట్ ఉంది. ఐసు మీద పరిచిన చేపల్లోంచి ఏరుకోవచ్చు, కోసి శుభ్రం చేసిస్తారు. పులుసుకు తలకాయ కావాలని ముందే చెప్పండి. మన కోనాం రుచిని వెతక్కండి, ఆ చేపను ఆ చేపగానే తినాలి. శనివారం జనం కిటకిటలాడతారు, వారం మధ్యలో వెళ్తే తీరిగ్గా కొనుక్కోవచ్చు.

పెన్ హిల్స్ కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడికి 1976లో భూమిపూజ జరిగింది. అమెరికాలో తొలితరం హిందూ ఆలయాల్లో ఒకటి. గోపురం, ప్రాకారం, సుప్రభాతం, పులిహోర, చుట్టూ తెలుగు మాటలు, అక్కడ ప్రాణం లేచొచ్చింది. సంక్రాంతికి పట్టుచీరల మీద స్వెట్టర్లు వేసుకుని వచ్చిన జనాన్ని చూస్తే కళ్లు నిండాయి. ఆ గుడికి వెళ్లి రావడానికి మాత్రం మాకు కారు ఉన్నవాళ్లే దిక్కయ్యారు.

భద్రత అడుగుతారు. మేమున్న పేటలో రాత్రి తొమ్మిదికి నడిచి వచ్చినా భయం వేయలేదు. కానీ అదే స్క్విరిల్ హిల్‌లో 2018 అక్టోబర్ 27న యూదుల ప్రార్థనా మందిరంలో ఒకడు 11 మందిని కాల్చి చంపాడు. తుపాకీ ఆ దేశంలో ఎక్కడైనా ఉంది. ఈ ఊరు ప్రత్యేకంగా ప్రమాదమని నాకు అనిపించలేదు, ప్రత్యేకంగా క్షేమమని రాయలేను.

వైద్యం దగ్గర జాగ్రత్త. మా ఆయనకు చెవిపోటు వస్తే ఒక క్లినిక్‌కి వెళ్లాం. డాక్టర్ కాసేపే చూశారు, బిల్లు వందల డాలర్లు వచ్చింది. ఇక్కడ కొన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ అది పాత జబ్బని రాసి డబ్బు ఇవ్వలేదు. క్లినిక్‌కి నేరుగా డబ్బు కట్టే పాలసీ అడిగి తీసుకోండి, పాత జబ్బుల షరతు చదవండి. బీపీ, షుగర్ మాత్రలు ఉన్నన్నాళ్లకీ సరిపడా డాక్టర్ చీటీతో పట్టుకెళ్లండి.

ఇంటి అగ్రిమెంటు మీద సంతకం పెట్టేముందు మీ పిల్లల్ని ఇవి అడగండి: బస్ స్టాప్ ఎంత దూరం, ఇంటికి మెట్లెన్ని, ఆదివారం ఏ బస్సు నడుస్తుంది, లైబ్రరీ శాఖకు నడిచి వెళ్లొచ్చా, ఫుట్‌పాత్ మీద మంచు ఎవరు తీస్తారు, అద్దెలో హీటింగ్ కలిసి ఉందా లేదా. మా అమ్మాయి వచ్చే ఏడాది ఇల్లు మారుతోంది, ఈ ప్రశ్నలన్నీ రాసి ఇప్పటికే పంపించాను.